స్లాబు కింద నిలబడేదెవరు

ఇంజనీర్లకి నీతిశాస్త్రం పాఠంగా చెప్పాలని ఈమధ్య కాలేజీల్లో పట్టుబడుతున్నారు. చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు. రిటైరయ్యాక ఒకసారి అలాంటి క్లాసుకి నన్ను కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ కుర్ర లెక్చరరు బోర్డు మీద మూడు గళ్ళు గీశాడు. ఎక్కువమందికి ఎక్కువ మేలు జరిగేది చేయడం ఒక సిద్ధాంతమన్నాడు. ఫలితం ఎలా ఉన్నా నియమం తప్పకపోవడం రెండోదన్నాడు. మంచి మనిషి ఆ చోట ఉంటే ఏం చేస్తాడో అదే చేయడం మూడోదన్నాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అతను తప్పు చెప్పాడని కాదు. ఆ మూడు గళ్ళలోనూ ఎక్కడా ఒక మనిషి కనపడలేదు, అదీ నా కోపం. ఆ మూడు సిద్ధాంతాలూ నేను ఎప్పుడో ఒకే ఉదయం, ఒకే కాలువ గట్టు మీద విన్నాను. వాటిలో ఏదీ ఆ రోజు నాకు అక్కరకు రాలేదు. అక్కరకొచ్చింది ఒక కొబ్బరికాయ.

ఎనభైల మొదట్లో మాట. నేను కాలువల శాఖలో జూనియర్ ఇంజనీరుగా కొత్తగా చేరాను. మా డివిజన్ మొత్తానికి చీర కట్టుకుని గట్ల మీద తిరిగే ఇంజనీరు నేనొక్కదాన్నే. మోపెడ్ మీద వస్తుంటే బట్టలుతుక్కునే ఆడవాళ్ళు పని ఆపి మరీ చూసేవాళ్ళు. "ఇంజనీరమ్మగారొస్తున్నారండోయ్" అని ఒకరు కేకేస్తే నలుగురు నవ్వేవాళ్ళు. మొదట్లో చిరాకుపడ్డాను. తర్వాత నేనే ముందు కేకేసి పలకరించడం మొదలుపెట్టాను. దాంతో నవ్వులు ఆగాయి, కబుర్లు మొదలయ్యాయి.

డెల్టాలో కాలువ మీద ఏ పని చెయ్యాలన్నా ఎండాకాలమే. రెండో పంట దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అడుగున బురద ఎండి బీటలు తీసేలోపు పూడికలు తియ్యాలి, లాకులు బాగుచెయ్యాలి, వంతెనలు కట్టాలి. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులెత్తి తొలి పంట సార్వాకి నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళ కోసం రైతులు నారు పోసే ఆకుమళ్ళు దున్నుకుని, విత్తనాలు నానబోసుకుని కూర్చుంటారు. అందుకే ఆ రెండు నెలలూ మా శాఖలో ఎవరికీ ఇల్లూ వాకిలీ గుర్తుండవు. పెళ్ళిళ్ళూ శ్రాద్ధాలూ కూడా కాలువ వదిలాకే అనుకునేవాళ్ళం.

నా వాటాకి వచ్చింది ఒక వంతెన. కాలువకి ఆ పక్కన నాలుగైదు ఊళ్ళు, నిండా అరటితోటలు. గెలలు రావులపాలెం మార్కెట్టుకి పోవాలంటే కాలువ దాటాల్సిందే. తెల్లదొరల నాటి ఇటుకల వంతెన నెర్రెలిచ్చిందని పడగొట్టించి, కొత్తది కాంక్రీటుతో కట్టిస్తున్నాం. మధ్యలో ఒక స్తంభం, దానికి అటూ ఇటూ నీళ్ళు పోవడానికి రెండు కానాలు, ఒక్కో కానా మీద ఒక్కో స్లాబు. స్లాబు పోత పోసేటప్పుడు కింద కాలువ అడుగున సరుగుడు బాదులు నిలబెట్టి, పైన చెక్కలు పరుస్తారు. కాంక్రీటు గట్టిపడి తన బరువు తాను మోసుకునే దాకా, అంటే మూడు వారాల దాకా, ఆ బాదులే దాన్ని మోస్తాయి. దీన్ని సెంట్రింగు అంటాం.

మొదటి స్లాబు అనుకున్న రోజుకే పోశారు. మే నెలాఖరున దాని బాదులు తీసే రోజు వచ్చింది. మా వైపు దానికొక ఆనవాయితీ ఉంది. ఏ రూల్స్ పుస్తకంలోనూ ఉండదు గానీ తప్పిన కంట్రాక్టరు ఆ తాలూకాలో ఒక్కడూ లేడు. ముందు కొబ్బరికాయ కొడతారు. కట్టించిన కంట్రాక్టరు, కట్టమన్న ఇంజనీరు ఇద్దరూ దిగి స్లాబు కింద నిలబడతారు. అప్పుడు మేస్త్రీ ఆఖరి బాదు కొట్టి పడేస్తాడు. పైనున్నది పైనే ఉంటే గట్టు మీద అందరికీ లడ్డూలు పంచుతారు.

మా కంట్రాక్టరు మార్కెట్ వీధిలో ఇనప కొట్టున్న కుటుంబంవాడు. పెద్ద మనిషి, మాట తీపి, పనికీ మరీ చెడ్డవాడు కాదు. ఆ రోజు జరీ పంచె కట్టుకుని వచ్చి, నేను గట్టు దిగుతుంటే చేతులడ్డం పెట్టాడు.

"మేడమ్ గారండీ, తమరు పైనే ఉండండి. ఆడవాళ్ళు కిందకి దిగకూడదండి. నేను పుట్టింది మొదలు ఎప్పుడూ లేదండి."

"ఎప్పుడూ ఆడ ఇంజనీరు లేదు కాబట్టి లేదండి. కాగితాల మీద సంతకం నాది, కింద నిలబడేది ఇంకోళ్ళా?"

"అదికాదండి బాబూ, అరిష్టమంటారండి."

"నాకా, స్లాబుకా?" అన్నాను.

అంటూనే వెళ్ళి కింద నిలబడ్డాను. గత్యంతరం లేక ఆయనా పక్కనొచ్చి నిలబడ్డాడు. మేస్త్రీ ఆఖరి బాదు మీద సుత్తి వేశాడు. బాదు పక్కకి ఒరిగింది. పైనుంచి రవ్వంత ఇసుక రాలి నా నెత్తిన పడింది, అంతే. చిన్నప్పుడు పరీక్ష పాసైనప్పుడు కూడా అంత సంతోషం నాకు తెలియదు. రెండు లడ్డూలు తిని, మూడోది చీర కొంగున కట్టుకున్నాను.

రెండో స్లాబు దగ్గరే వచ్చింది తంటా. సిమెంటు రాలేదు. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ల మీద దొరికేది, లారీ వచ్చినప్పుడే వచ్చినట్టు. వచ్చిన ఒక లోడుతో కంట్రాక్టరు తన రైసుమిల్లు కళ్ళానికి గచ్చు వేయించుకున్నాడని ఊరంతా అనుకున్నారు. నేను కళ్ళారా చూడలేదు కాబట్టి ఆ మాట నాది అనుకోవద్దు. ఏమైతేనేం, జూన్ వచ్చాక గానీ రెండో స్లాబు పోత జరగలేదు. పోసి వారం కూడా కాకుండానే ధవళేశ్వరంలో నీళ్ళు వదులుతున్నారని కబురొచ్చింది. రెండు రోజుల్లో నీళ్ళు మా వంతెన దగ్గరికి వస్తాయి. వస్తే బాదులన్నీ కొట్టుకుపోతాయి. పచ్చి స్లాబు మోసేదేమీ లేకుండా గాల్లో ఉండిపోతుంది.

ఆ మర్నాడు పొద్దున్నే మా డీఈ గారు, అంటే నా పైఅధికారి, జీపులో వచ్చారు. గట్టు మీద అప్పటికే రైతులు ఓ యాభైమంది మూగి ఉన్నారు. కంట్రాక్టరు స్లాబు ఎక్కి గునపంతో టంగు టంగున కొట్టి చూపిస్తున్నాడు.

"వినండి మేడమ్ గారూ, ఎలా ఖంగుమంటోందో! రాయండి, రాయి! ఈ ఎండలకి వారం చాలండి. బాదులు తీసేసుకుందామండి."

"పైన గట్టిపడటం వేరు, తన బరువు తను మొయ్యటం వేరండి. మీకు తెలీదా?"

డీఈ గారు నన్ను పక్కకి పిలిచారు. మంచివారే. నాకు పని నేర్పింది కూడా ఆయనే. అందుకే ఆ రోజు ఆయన మాటలు నాకు ఎక్కువ కోపం తెప్పించాయి.

"చూడమ్మా. ఈ కాలువ కింద వేల ఎకరాలున్నాయి. నీళ్ళాపితే ఆకుమళ్ళు ఎండుతాయి, ఊడ్పులు వెనకబడతాయి, దాంతో దాళ్వా కూడా పోతుంది. అంతమంది రైతులు ఒకవైపు, ఒక్క స్లాబు ఒకవైపు. ఏది ముఖ్యం?"

"నీళ్ళాపమనట్లేదండి. మొదటి కానా బాగానే ఉంది కదా. రెండో కానాకి ముందూ వెనకా అడ్డుకట్టలేసి, మొదటి దాన్లోంచి నీళ్ళు పోనిద్దాం. ఎలాగూ మొదటి నీళ్ళు పల్చగానే వస్తాయి."

"సగం కాలువతో చివర శివారు పొలాల దాకా నీళ్ళెక్కవమ్మా. పైగా అడ్డుకట్ట ఎస్టిమేటులో లేదు. నీళ్ళు వదిలేనాటికి కాలువ ఖాళీగా ఉండాలి, అది రూలు. మనమే రూలు తప్పుతామా?"

"మూడు వారాలు బాదులు ఉంచాలన్నది రూలు కాదాండీ?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "నువ్వు మంచి పిల్లవి. మొండితనం నీకు మంచిది కాదు. అనుభవం ఉన్న ఏ ఇంజనీరైనా ఇక్కడుంటే ఏం చేస్తాడో అదే చెయ్యి. తియ్యమని చెప్పు."

లెక్చరరు గారి గళ్ళు మూడూ అక్కడే నిండిపోయాయి. ఎక్కువమందికి మేలు, రూలు, మంచి మనిషి. మూడూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి, బాదులు తియ్యమని. నేను కూడా అదే మూడింటితో ఎదురు వాదించగలను. అరటిగెలల బళ్ళవాళ్ళ ప్రాణాల లెక్క తియ్యగలను, నా రూలు చూపించగలను, నా మంచితనం చాటుకోగలను. అలా వాదించుకుంటూ ఉంటే సాయంత్రమవుతుంది, నీళ్ళు ఇంకో పది మైళ్ళు దగ్గరకొస్తాయి. చివరికి పెద్ద ఉద్యోగం ఉన్నవాడి మాట నెగ్గుతుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే 'ఆడపిల్ల' అంటారని పళ్ళు బిగబట్టాను.

అప్పుడు గట్టు పక్కన బుట్టలో కొబ్బరికాయ కనపడింది. కంట్రాక్టరు నమ్మకం చూడండి, ముందే తెచ్చి పెట్టుకున్నాడు.

నేను గొంతు పెంచి, గట్టు మీద అందరికీ వినపడేటట్టు చెప్పాను. "సరేనండీ. తీసేద్దాం. మేస్త్రీగారూ, సుత్తి తెచ్చుకోండి. కంట్రాక్టరుగారూ, కొబ్బరికాయ కొట్టి దిగండి. క్రితంసారి ఆడవాళ్ళు దిగకూడదన్నారు కదా, ఈసారి మీ మాట మన్నిస్తాను. మీరొక్కరే నిలబడండి."

గునపం చప్పుడు ఆగిపోయింది.

"అదీ... అంటే... ఇప్పుడవన్నీ ఎందుకండి, టైము లేదు కదండి" అన్నాడు ఆయన.

"కొబ్బరికాయ తెచ్చారుగా. ఎంతసేపండి? రాయన్నారుగా మీ స్లాబు."

"నాకు బీపీ అండి. డాక్టరుగారు ఎండలో నిలబడొద్దన్నారండి."

"కింద నీడేనండి" అని గుంపులోంచి ఎవరో అన్నారు. గొల్లున నవ్వారు.

ఆయన మొహం మాడిపోయింది. చుట్టూ చూసి, గొడుగు పట్టుకుని నిలబడ్డ తన గుమాస్తాని చూపించాడు. "మా గుమాస్తా నిలబడతాడండి నా బదులు. ఏరా, దిగు."

ఆ గుమాస్తా దిగబోయాడు! మారుమాట లేకుండా గొడుగు మడిచి గట్టు దిగబోయాడు. నా జీవితంలో నాకు వచ్చిన కోపాలన్నిట్లోకీ పెద్ద కోపం అదే. ఇవాళ్టికీ చల్లారలేదు. పరుగెత్తుకెళ్ళి అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. నేను పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నానని ఆ ఊళ్ళో నెల్లాళ్ళు చెప్పుకున్నారట. చెప్పుకోనీ.

"స్లాబు ఇతని మీద పడితే ఇంట్లోవాళ్ళకి మీరేం చెబుతారండీ? బీపీ ఉందని చెబుతారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంతటితో ఊరుకోలేదు. డీఈ గారి వైపు తిరిగాను. "సార్, ఆయనకి ఒంట్లో బాగాలేదు. మీరూ నేనూ నిలబడదాం రండి. మీరు తియ్యమన్నారు, నేను సరేనన్నాను. మన ఇద్దరిదే బాధ్యత."

"ఏంటమ్మా ఈ మూఢనమ్మకాలు! చదువుకున్నదానివి కాదూ?" అన్నారు డీఈ గారు. ఆయన చూపు మాత్రం నా మీద లేదు, స్లాబు అడుగు మీద ఉంది.

అంతదాకా చుట్ట కాల్చుకుంటూ చూస్తున్న ఒక పెద్ద రైతు ముందుకొచ్చాడు. ఆ కాలువ కింద బాగా భూమి ఉన్న మనిషి. ఆకుమడి ఎండితే అందరికంటే నష్టం ఆయనకే. పొద్దున్నుంచీ నా మీద గుర్రుగా ఉన్నవాడే.

"ఏవండీ డీఈ గారూ. అంటే అది ఆగదన్నమాటేనా?"

"అలా ఎవరన్నారండీ? ఆగుతుంది."

"మరి దిగండి."

డీఈ గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. దిగలేదు.

"మీరు దిగనిదాని మీదకి మా బళ్ళెలా ఎక్కిస్తామండీ?" అన్నాడు పెద్ద రైతు. చుట్ట పారేసి నా వైపు తిరిగాడు. "అమ్మాయిగారూ, ఏదో అడ్డుకట్టన్నారు. ఎక్కడెయ్యాలో చూపించండి. గండ్లు పూడ్చడం మాకేం కొత్త కాదు."

డీఈ గారు జీపెక్కారు. నేను ఆపలేదు. ఆయన వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. రెంటికీ చెడకుండా వెళ్ళిపోవడం ఎలాగో ఆ రోజు చూశాను.

ఆ పగలంతా, మర్నాడూ ఊరు ఊరంతా కాలువలోకి దిగింది. బాదులు పాతి, తాటాకు అల్లి, మధ్యలో గడ్డీ మట్టీ కూరి తొక్కారు. నేను కొలతలు చెబుతూ మోకాళ్ళ దాకా బురదలో తిరిగాను. కంట్రాక్టరు తన మనుషుల్ని పంపాడు. తను మాత్రం రాలేదు. నీళ్ళు వచ్చాయి. అడ్డుకట్టకి తగిలి, సుడి తిరిగి, మొదటి కానాలోంచి దూరి పోయాయి. చెమ్మ ఊరినచోటల్లా రైతులు మట్టి వేస్తూ వంతులవారీగా కాపలా కాశారు.

ఇక్కడితో ఆపితే నాకు బాగుంటుంది. కానీ డీఈ గారు చెప్పినదాంట్లో నిజముంది. సగం కాలువతో శివారుకి నీళ్ళు సరిగ్గా ఎక్కలేదు. శివారు ఊరి నుంచి ఒకామె నడుచుకుంటూ వచ్చి, వంతెన దగ్గర నన్ను పట్టుకుని నిలదీసింది. "మీ వంతెన నిలబెట్టుకోడానికి మా ఆకుమడి ఎండగట్టారేంటండీ? మేమేం పాపం చేశామండీ?" అంది. విత్తనం మళ్ళీ చల్లుకోవచ్చు, మనిషి తిరిగి రాడు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆ విత్తనం నాది కాదు. తలవంచుకుని విన్నాను. పెద్ద రైతు తన ఆకుమడిలోంచి ఆమెకి నారు ఇప్పించాడు. అందరికీ అలా ఇచ్చేవాళ్ళు ఉండరు కదా. ఆ నష్టం నా ఖాతాలోదే, ఇంకెవరికీ తోసెయ్యను. అయినా మళ్ళీ ఆ ఉదయమే వస్తే మళ్ళీ అదే చేస్తాను. ఆమెకి సమాధానం చెప్పలేకపోవడం వేరు, ఆ గుమాస్తాని దిగనివ్వడం వేరు.

మూడు వారాలు నిండకుండానే నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. కాలువలకీ గట్లకీ దూరంగా, ఫ్యాను కింద కూర్చుని బొమ్మలు గీసే సీటు. మహిళా ఉద్యోగి సౌకర్యార్థం అని అందులో రాశారు. చదివి ఎంత నవ్వానో! సౌకర్యం ఎవరిదో రాయడం మర్చిపోయారు.

బాదులు తీసే రోజున సెలవు పెట్టి వెళ్ళాను. అప్పటికి ఆ పని నాది కాదు, నా స్థానంలో వచ్చిన కుర్రాయనది. "మీకెందుకండీ మేడమ్, నేనున్నానుగా" అన్నాడు పాపం. "పోత పోయించింది నేను" అని దిగాను. అడ్డుకట్టల మధ్య మోకాలిలోతు నీరుంది. కంట్రాక్టరు కూడా జరీ పంచె పైకి దోపుకుని దిగాడు. నా మొహం చూడకుండా పక్కన నిలబడ్డాడు. ఈసారి ఆడవాళ్ళ సంగతి ఎత్తలేదు. మేస్త్రీ సుత్తి ఎత్తినప్పుడు కళ్ళు మూసుకున్నాను, దాచుకోను. మొదటిసారి తెలియనితనం, అందుకే ధైర్యంగా నిలబడ్డాను. రెండోసారి అన్నీ తెలిసి నిలబడ్డాను. బాదు పడింది, స్లాబు పడలేదు. గుమాస్తా గట్టు మీద గొడుగేసుకుని లడ్డూ తింటూ చూశాడు. అతను ఉండాల్సిన చోటు అదే.

తర్వాత చాలా ఏళ్ళు సర్వీసు చేశాను. ప్రమోషన్లు అందరికంటే ఆలస్యంగా వచ్చాయి. దేనికీ బతిమాలుకోలేదు.

డీఈ గారు రిటైరయ్యాక ఒకసారి ద్రాక్షారామం దగ్గర ఒక పెళ్ళిలో కలిశారు. భోజనాల బంతిలో నా పక్క ఆకు ఆయనదే అయింది. బాగా పెద్దవారైపోయారు. పిల్లల కబుర్లు, మోకాళ్ళ నెప్పులు అన్నీ అయ్యాక, పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఉన్నట్టుండి అన్నారు.

"ఆ రోజు బాదులు తీసేసినా ఆ స్లాబు ఆగేదేనమ్మా. తర్వాత లెక్కలేసి చూసుకున్నాను. అనవసరంగా అంత రభస చేశావు."

నేను ఆయన లెక్కతో వాదించలేదు. ఆయన లెక్కలు ఎప్పుడూ తప్పవు.

"ఆగేదేమోనండి. మరి ఆ రోజు మీరెందుకు దిగలేదు?"

వడ్డించేవాడు పులుసు పట్టుకొస్తే, ఆయన వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"భయమేసిందమ్మా" అన్నారు.

"ఆ రోజు నేను చెప్పింది కూడా అదేనండి" అన్నాను.